ఆకులు దూసే వారం

ప్రతి ఇంట్లోనూ ఏడాదికోసారి ద్రాక్షతీగల ఆకులు దూస్తారని పీపాలమ్మ చిన్నప్పుడు అనుకునేది. గోడలకు సున్నం వేసుకున్నట్టు, బావిలో పూడిక తీసుకున్నట్టు అదీ ఒక ఇంటిపని కాబోలు అనుకుంది. తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో పక్కన కూర్చునే పిల్లను "మీ ఇంట్లో ఆకులు దూయడం అయిపోయిందా?" అని అడిగింది. ఆ పిల్ల తెల్లమొహం వేసింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, ఎన్నడూ చెయ్యెత్తని నాన్న చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ తర్వాత గడప మీద కూర్చుని తనే ఏడ్చాడు. ఆ ఇంట్లో కొన్ని మాటలు గుమ్మం దాటకూడదని ఆమెకు అప్పుడే తెలిసింది.

పీపాలమ్మ అనేది వీధివాళ్ళు పెట్టిన పేరు. నేలమాళిగలో నడుస్తూ దారిలో ఉన్న ప్రతి పీపానూ వేలిముడితో టకటక కొడుతుంది. చప్పుడు విని లోపల వైన్ ఎంతవరకు ఉందో చెప్పేస్తుంది. అలవాటు చొప్పున తలుపులు, బల్లలు, పక్కింటి గేటు కూడా కొడుతుంది. ఇప్పుడామెకు యాభై ఏళ్ళు. తోటా, నేలమాళిగా, లైసెన్సూ అన్నీ ఆమె చేతిలోకే వచ్చాయి. నాన్నకు డెబ్భై తొమ్మిది. ఆయన చేతిలో మిగిలిన పని ఆకులు దూయించడం ఒక్కటే.

దీనికంతటికీ మూలం ఒక జాబితా. నలభై ఆరేళ్ళ కిందట ద్రాక్ష బోర్డువాళ్ళు ఆ ప్రాంతంలో వైన్‌కు పనికొచ్చే ద్రాక్షలు ఏడే ఏడని తేల్చి గెజిట్‌లో వేశారు. అక్కడ తాతల నాటి నుంచి పండిస్తున్న మసిద్రాక్ష ఆ ఏడింటిలో లేదు. కాపు తక్కువన్నారు. రసం మరీ నలుపన్నారు. కొందరు నీళ్ళలాంటి వైన్‌లో దాన్ని కలిపి, రంగు చూపించి జనాన్ని మోసం చేస్తున్నారన్నారు. మోసం చేసింది మనుషులు, శిక్ష పడింది తీగకు. ఏడాదిలోగా పీకేసి, జాబితాలో ఉన్నవి నాటుకుని, పీకేశామని ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలి. లేకపోతే లైసెన్సు ఉండదు.

అందరూ పీకారు. నాన్న కూడా కిందిచేలో తీగలన్నీ పీకించాడు. గుట్ట భుజం మీద ఉన్న పైచేనికి మాత్రం గునపం తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. ఆయన తాత నాటిన మూడు వందల పది తీగలవి. పొద్దున్నంతా అక్కడ నిలబడి, మధ్యాహ్నానికి గునపం భుజాన వేసుకుని దిగొచ్చాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి అన్నీ పీకేశామని సంతకం చేశాడు.

వేసవిలో చిక్కు లేదు. దూరం నుంచి చూస్తే ఏ ద్రాక్ష ఆకైనా ఆకుపచ్చే. గండమంతా కోతలయ్యాక వస్తుంది. జాబితాలో ఉన్న తీగలు పసుపు రంగుకు తిరుగుతాయి. మసిద్రాక్ష మాత్రం ఎర్రబడుతుంది, అదీ అలాంటిలాంటి ఎరుపు కాదు. పెద్దరోడ్డు మీద వంతెన దాటాక ఒక మలుపుంది. ఆ మలుపులో నిలబడి చూస్తే పైచేను మొత్తం కనిపిస్తుంది. అందుకని, మొదటి ఆకు అంచున ఎర్రజీర కనిపించిందంటే చాలు, ఇంటిల్లిపాదీ మూడు రోజులు పైచేలోనే ఉండేవారు. ఆకులన్నీ దూసి, గోతాల్లో నింపి, గుంటలో పూడ్చేవారు. ఆ తర్వాత నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, షికారుకు వెళ్తున్నవాడిలా ఆ మలుపు దాకా వెళ్ళి పైకి చూసేవాడు. తిరిగొచ్చి, "కుడివైపు నాలుగో వరస, చివరినుంచి మూడోది. ఒక ఆకు మిగిలిపోయింది" అనేవాడు. పీపాలమ్మ పరుగెత్తుకుంటూ పైకి వెళ్ళేది. అక్కడ సరిగ్గా ఒక ఆకు ఉండేది. ఆయన కళ్ళు అలాంటివి.

పండు మాత్రం పారేసేవారు కాదు. మిగతా ద్రాక్షతో పాటు అదే తొట్టిలో వేసి తొక్కేవారు. ఈ ఇంటి వైన్‌కు అంత రంగు ఎలా వస్తుందని కొనేవాళ్ళు ముక్కున వేలేసుకుంటే, "అంతా మా బావి నీళ్ళ గుణమండీ" అనేవాడు నాన్న. వైన్‌లో నీళ్ళు పోస్తారేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇన్‌స్పెక్టర్లు వచ్చేవారు, పోయేవారు. నేలమాళిగ వెనక వాకిట్లో అమ్మ వేయించిన పందిరి ఉంది. దాని మీద దట్టంగా అల్లుకున్న ఒక అందాల తీగ. పూతా లేదు, కాతా లేదు, ఏటా కోతలయ్యాక మాత్రం నిప్పులా ఎర్రబడుతుంది. వచ్చిన ప్రతి ఇన్‌స్పెక్టరుకూ దాని కిందే కుర్చీ వేసి టీ ఇచ్చేవారు. ఒకాయనైతే రాలిన ఆకు ఒకటి పుస్తకంలో పెట్టుకుని పట్టుకుపోయాడు కూడా. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ ప్రతి వసంతంలో నాన్న నిచ్చెన వేసుకుని, కత్తెర పట్టుకుని ఆ పందిరి ఎక్కుతాడు. వద్దంటే వినడు.

మూడు వందల పది తీగలు ఇప్పుడు రెండు వందల పన్నెండయ్యాయి. ఎందుకు చస్తున్నాయో పీపాలమ్మకు ద్రాక్ష బోర్డువాళ్ళే చెప్పారు, వాళ్ళకు తెలియకుండానే. ఒకసారి శిక్షణ క్లాసులో ఒక ముసలి మాస్టారు బోర్డు మీద తీగ బొమ్మ గీసి, "కోతయ్యాక ఆకు ఊరికే వేలాడుతుందనుకోకండి. వచ్చే ఏడాదికి కావలసిన బలాన్ని వేళ్ళకు దింపుతుంది. అప్పుడు ఆకు దూస్తే పిల్లవాడి నోటి దగ్గర అన్నం లాక్కున్నట్టే" అన్నాడు. పీపాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జలుబని చెప్పి బయటికి వచ్చింది. కాపాడుతున్నామనుకుంటూ నలభై ఆరేళ్ళుగా తీగల కడుపు మాడుస్తున్నామన్న మాట నాన్నకు చెప్పే ధైర్యం మాత్రం ఆమెకు రాలేదు.

ఈ ఏడు ఎండాకాలంలో కొత్త నోటీసు వచ్చింది. వరసగా నాలుగేళ్ళ నుంచి ఎండలకు జాబితా ద్రాక్షలు కొమ్మ మీదే వడిలిపోతున్నాయి. తీపి ఎక్కువై, పులుపు చచ్చి, వైన్ పానకంలా తయారవుతోంది. అందుకని బోర్డువాళ్ళకు పాత రకాలు గుర్తొచ్చాయి. జాబితాలో లేని పాత తీగలు ఎవరి దగ్గరైనా ఉంటే ఫలానా తేదీలోగా రాసివ్వాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి గుర్తిస్తే, మూడేళ్ళు దాని వైన్ విడిగా చేసి రుచి చూపించాలి. బాగుంటే జాబితాలోకి ఎక్కిస్తారు. రాసిచ్చినవాళ్ళ పాత తప్పులు తవ్వరు. దాచిపెట్టి దొరికితే తీగలూ పోతాయి, లైసెన్సూ పోతుంది.

వంటింటి బల్ల దగ్గర పీపాలమ్మ అదంతా గట్టిగా చదివింది. నాన్న చివరిదాకా విన్నాడు.

"పీకమన్నప్పుడు కూడా కాగితం ఇలాగే తెల్లగా ఉంది" అన్నాడు.

"ఇది వేరే నాన్నా. రాసిస్తే ఏమీ చెయ్యబోమని ఇందులోనే ఉంది."

"నువ్వు రాసిస్తావు. ఆ రాసింది నా సంతకం పక్కన పెట్టి చూస్తారు. అబద్ధపు సంతకం పెట్టినవాడి కూతురికి లైసెన్సెందుకంటారు. ఆ పని చెయ్యకు తల్లీ. నేనుండగా వద్దు."

ఆమె వాదించలేదు. వారం తర్వాత ఫారం నింపి, ఎవరికీ చెప్పకుండా పోస్టులో వేసింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల మరి. ముఖ్యమైన పనులు చెప్పకుండా చెయ్యడమే కదా చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది!

కోతలయ్యాక జవాబొచ్చింది, గురువారం పది గంటలకు ఇన్‌స్పెక్టరు వస్తున్నట్టు. సోమవారం భోజనాల దగ్గర పీపాలమ్మ గొంతు సవరించుకుని, "గురువారం ఇన్‌స్పెక్టరు వస్తారట నాన్నా" అంది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని "ఊఁ" అన్నాడు. మిగతా సగం, అంటే నేనే రమ్మన్నాననే మాట, ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మంచినీళ్ళతో మింగేసింది. బుధవారం సాయంత్రం చెబుదాంలే అనుకుంది. మంగళవారం పొద్దున్నే కొత్త వైన్ సీసాలు పరీక్ష చేయించడానికి పట్నం వెళ్ళింది. ఆ పని రెండు రోజులు పట్టింది.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఇరవై గోతాలున్నాయి. వాటి పక్కన బావ ఉన్నాడు. బావంటే మేనత్త కొడుకు, నేలమాళిగలో ఆమెకు కుడిభుజం. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది.

"ఏం కంగారు పడకు. ఒక్క ఆకు లేదు. మామయ్యా నేనూ రెండు రోజులు నడుం ఎత్తలేదంటే నమ్ము. ఈయన మలుపు దాకా వెళ్ళి చూసి కూడా వచ్చాడు."

పీపాలమ్మ ఒక గోతాం మూతి విప్పి చూసింది. నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు, అలసటతో మనిషి సగమైపోయి.

"నాన్నా, రేపు ఇన్‌స్పెక్టరు చూడాల్సింది ఆ ఆకుల్నే" అంది.

దాచిన మిగతా సగం కూడా చెప్పేసింది. బావ ఒక గోతాం మీద కూలబడ్డాడు.

"నాకు చెప్పలేదేం?" అన్నాడు నాన్న.

"ఎలా చెప్పాలో నాకు నేర్పలేదు నువ్వు."

నాన్న తల దించుకున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

ఇన్‌స్పెక్టరు చెప్పిన టైముకే వచ్చింది. రబ్బరు బూట్లు, మెడలో భూతద్దం, భుజాన సంచి. గుబురు మీసాల పెద్దమనిషి కోసం గేటు దగ్గర కాచుకున్న బావ, "సారు వెనకాల వస్తున్నారామ్మా?" అని అడిగి నాలిక కరుచుకున్నాడు. అలవాటు ప్రకారం పందిరి కింద కుర్చీ వేసి టీ ఇచ్చారు. ఆవిడ తలెత్తి చూసి, "ఎంత బాగుందండీ ఈ తీగ!" అంది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, పదండన్నట్టు లేచింది. నాన్న కూడా కర్ర పట్టుకుని వెంట బయల్దేరాడు.

పైచేలో రెండు వందల పన్నెండు మొండి తీగలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు రెండు వరసలు నడిచింది. ఒక కొమ్మ వంచి, వదిలేసింది.

"ఏం చేశారండీ ఇక్కడ?"

ఇన్‌స్పెక్టరు భూతద్దం చేతిలోకి తీసుకుని, మళ్ళీ వదిలేసింది.

"నేను గుర్తుపట్టాల్సింది ఆకుని బట్టి. అంచెలా ఉంది, వెనక నూగుందా, ఎరుపు ఎక్కడ మొదలైంది... ఇవన్నీ చూడాలి. మొండి కొమ్మ చూసి ఏమని రాయను?"

"ఆకులే కదా మేడం, ఎన్ని గోతాలు కావాలి?" అన్నాడు బావ ఆశగా.

"కోసేసిన ఆకు చెల్లదండీ. తీగ మీద ఉండగా నా కళ్ళతో చూసి, నా చేత్తో కోయాలి. లేకపోతే ఎవరి ఆకులైనా తెచ్చి చూపించొచ్చుగా?" ఆవిడ గొంతులో కోపం లేదు, విసుగుంది. "ఈ నెలతో గుర్తింపు గడువు అయిపోతుంది. జాబితాలో లేని తీగ ఉందని మీరే రాసిచ్చారు. నేను గుర్తించలేకపోతే, తీసేయమని రాయాల్సొస్తుంది. నా ఇష్టంతో పని లేదు."

పీపాలమ్మ పక్కనున్న తీగ మోడును గట్టిగా పట్టుకుంది. ముత్తాత చేతి మీదుగా వచ్చిన ఈ చేను, ఇన్నేళ్ళు దాచుకుంటూ వచ్చిన చేను, తన నోటి పిరికితనం వల్ల పోతోందని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

అప్పుడు నాన్న ముందుకొచ్చాడు.

"ఆ పిల్లను ఏమీ అనకండమ్మా. దూసింది నేను. నిన్నా మొన్నా కాదు, నలభై ఆరేళ్ళ నుంచి దూస్తున్నాను. పీకేశానని అబద్ధపు సంతకం పెట్టిందీ నేనే."

అని మొత్తం చెప్పాడు. తాత నాటిన సంగతి, గునపం, మలుపు, గోతాలు, తొట్టి, బావి నీళ్ళ గుణం, ఏదీ వదల్లేదు. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఒక్క ప్రశ్నే వేసింది.

"ఏటా? అన్ని తీగలూ? చేత్తోనే?"

"చేత్తోనేనమ్మా. ఒక్కటి తప్ప."

"ఒక్కటి తప్పంటే?"

"కిందకి రండి. ఇంకో టీ తాగుదురుగాని."

మామయ్యకు మతి చలించిందనుకున్నాడు బావ. పీపాలమ్మకూ అలాగే అనిపించింది. కర్ర టకటకలాడించుకుంటూ నాన్న గుట్ట దిగి, నేలమాళిగ వెనక్కి వెళ్ళి, పందిరి కింద ఆగి, కర్ర ఎత్తి పైకి చూపించాడు.

"దూయమని మొదటి ఏడు నేను చెప్పినప్పుడు ఈ పిల్ల తల్లి అడిగింది, ఏడాదికి ఒక్కసారైనా ఎర్రగా చూసుకోవాలనుంది, ఒక్కటి నాకొదిలెయ్యండి అని. పైచేలోంచి కొమ్మ తెచ్చి ఇక్కడ నాటాను. కాయ కాస్తే గుర్తుపడతారని ఏటా పూత కత్తిరించేది. తను పోయాక నేను కత్తిరిస్తున్నాను."

పీపాలమ్మ తలెత్తి పందిరి వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ దాని నీడలో బట్టలారేసుకుంది, కూరలు తరుక్కుంది, లెక్కలేనంతమంది ఇన్‌స్పెక్టర్లకు దాని కిందే టీ పోసింది. వసంతంలో నిచ్చెనా కత్తెరా ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కన్నకూతురికి కూడా చెప్పలేదని కోపమొచ్చింది. అమ్మ కోసం దాచాడని ఆ కోపం వెంటనే కరిగిపోయింది.

ఇన్‌స్పెక్టరు కుర్చీ ఎక్కింది. భూతద్దం పెట్టి ఒక ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక నూగును గోటితో గీరింది. ఆకు కోసి, తొడిమ నుంచి కారిన ఎర్రటి చుక్కను వేలితో తుడిచింది. తర్వాత కుర్చీ మీదే నవ్వడం మొదలుపెట్టింది.

"పదహారేళ్ళ సర్వీసు నాది. గంట కిందట దీని కిందే కూర్చుని టీ తాగాను!" అంది. "కాయ లేని తీగను ఎవరు మళ్ళీ చూస్తారులెండి. ఆకుతో గుర్తించింది ఒక్కటుంటే చాలు. పైవాటి కొమ్మ ముక్కలు పట్టుకెళ్తాను. లాబ్‌లో దీనితో పోల్చి చూస్తారు."

"మరి నా సంతకం?" అన్నాడు నాన్న.

"పాతవి తవ్వబోమని నోటీసులో రాసిందేగా. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఎక్కడ, ఎన్ని, ఎప్పటి నుంచి అన్నది మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. మూడు ముక్కలు చాలు."

నాన్న కళ్ళజోడు తెప్పించుకుని రాయడానికి కూర్చున్నాడు. మూడు ముక్కలు కాస్తా ఒకటిన్నర పేజీ అయింది. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా చదివి, ఒకచోట వేలు పెట్టింది.

"బళ్ళో నోరు జారినందుకు పిల్లను కొట్టానని రాశారు. ఇది మాకవసరం లేదండీ."

"ఉండనివ్వండమ్మా" అన్నాడు నాన్న.

పీపాలమ్మ మొహం తిప్పుకుని, పందిరి గుంజను వేలిముడితో మెల్లగా కొడుతూ నిలబడింది.

లాబ్ నుంచి జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు వందల పన్నెండూ మసిద్రాక్షేనని తేలింది. పైచేను మొదట్లో నంబరు వేసిన రేకు బోర్డు పాతారు. మరుసటి కోతలకు, ఆమెకు ఊహ తెలిశాక మొదటిసారిగా మసిద్రాక్షను విడిగా తొక్కారు. నాలుగు చిన్న పీపాలైంది. ఎండలు ఆ ఏడూ మండిపోయినా పులుపు చెక్కుచెదరలేదు. నాన్న గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, "ఇదే" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పమన్నా చెప్పలేదు. జాబితాలోకి ఎక్కుతుందా లేదా అన్నది ఇంకో రెండేళ్ళకు గానీ తేలదు. బావ మాత్రం అప్పుడే లేబుల్ మీద తన ఫొటో వేయాలంటున్నాడు.

ఆకులు దూసే వారం వచ్చింది. నాన్న తెల్లారే లేచి, పాత చేతితొడుగులు వేసుకుని గడప మీద కూర్చున్నాడు. "మీ బావ ఇంకా రాలేదేం?" అన్నాడు. "ఎందుకు రావాలి నాన్నా?" అంది పీపాలమ్మ. ఆయన తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజంతా కుదురుగా ఉండలేకపోయాడు. గోతాలు విదిలించాడు, మళ్ళీ మడిచాడు. మూడో రోజు సాయంత్రం, "నన్ను మలుపు దాకా తీసుకెళ్ళు" అన్నాడు.

వంతెన దాటి, మలుపులో వ్యాను ఆపింది. కిందిచేలన్నీ పసుపు రంగులో ఉన్నాయి. పైన, గుట్ట భుజం మీద, పైచేను మొత్తం ఎర్రగా ఉంది. నలభై ఆరేళ్ళూ నాన్న ఇక్కడికొచ్చి, ఎర్రగా ఏమీ లేదని నిశ్చయం చేసుకుని వెళ్ళాడు. ఆ జాబితా వచ్చాక, తన చేను ఎర్రబడి ఉండగా ఇక్కణ్ణుంచి చూడటం ఆయనకిదే మొదలు. చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు కదుపుతూ వరసలు లెక్కపెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"కుడివైపు నాలుగో వరస, చివరినుంచి మూడోది. ఇంకా పచ్చగానే ఉంది" అన్నాడు.

పీపాలమ్మ అలవాటుగా గుట్ట వైపు రెండడుగులు వేసి, ఆగి, నవ్వుతూ వెనక్కొచ్చింది.

"ఉండనీ నాన్నా. రెండు రోజుల్లో అదే ఎర్రబడుతుంది."

"అయితే ఎల్లుండి మళ్ళీ వద్దాం" అన్నాడు నాన్న.